దత్తపత్రం ఒక్కటే చాలదు

"మా చిన్నగుంటని మా అప్ప అమెరికా అట్టుకెళ్లిపోతానంటంది. కాయితం మీద సంతకాలెట్టేస్తే అయిపోదేటి?"

నర్సీపట్నం చుట్టుపక్కల ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంటుంది. ఉద్యోగాల కోసం విశాఖకో హైదరాబాదుకో పోయి, అక్కణ్నుంచి సముద్రాలు దాటినవాళ్లు ఇప్పుడు వీధికొకరున్నారు. పెళ్లై పదేళ్లు దాటినా పిల్లల్లేని అక్క అక్కడ, ముగ్గురు ఆడపిల్లలతో ఈదుకొస్తున్న చెల్లెలు ఇక్కడ. సంక్రాంతికి ఇద్దరూ పుట్టింట్లో కలిసినప్పుడు మాట పుడుతుంది. "చిన్నదాన్ని నాకిచ్చేయవే, నా కడుపున పుట్టినట్టే చూసుకుంటాను." చెల్లెలు కళ్లు తుడుచుకుని సరే అంటుంది. ఆ మాటలో ప్రేమే ఉంది. చిక్కు ఆ తర్వాతి సోమవారం మొదలవుతుంది. అక్క సెలవు అయిపోతోంది కదా అని హడావిడిగా దత్తపత్రం రాయించి, రిజిస్టరు చేయించి, పిల్లకు పాస్‌పోర్టు పెట్టించి, ఇక వీసా ఒక్కటే మిగిలిందనుకుంటారు. ఆ వీసా రాదు.

ఎందుకు రాదో, వచ్చే దారి ఏదో తెలియాలంటే కాస్త నిదానంగా నడవాలి. పై అక్కాబావలు ఫలానా మనుషులు కారు, విషయం విడమర్చడానికి నేను పెట్టుకున్న ఉదాహరణ. చట్టాలు, గడువులు, కార్యాలయాలు మాత్రం ఉన్నవే.

ముందు మనకు బాగా తెలిసిన దత్తత గురించి. ఒడిలో పెట్టి ఇవ్వడం, ఒడి పట్టి పుచ్చుకోవడం, నలుగురి ముందు భోజనాలు, కుదిరితే దత్తహోమం. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం దీన్నే ఒక చట్రంలో పెట్టింది. బిడ్డకు పదిహేనేళ్లు నిండి ఉండకూడదు, పెళ్లయి ఉండకూడదు (ఈ రెండింటికీ ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉంది). ఆడపిల్లను తీసుకునేవారికి అప్పటికే కూతురు గానీ కొడుకు కూతురు గానీ ఉండకూడదు. ఇచ్చిపుచ్చుకోవడం నిజంగా జరగాలి. డబ్బు చేతులు మారకూడదు. రిజిస్టరైన దత్తపత్రం ఉంటే, కాదని ఎవరైనా రుజువు చేసేదాకా ఆ దత్తత చట్టప్రకారం జరిగినట్టే కోర్టు భావిస్తుంది. మన్యం వాకిట్లో ఉన్న మన ఊరికి ఇంకో సంగతి ముఖ్యం. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. చింతపల్లి, కొయ్యూరు వైపు నుంచి వచ్చే గిరిజన కుటుంబాల చేత మామూలు నమూనా దత్తపత్రం మీద సంతకాలు పెట్టించేవారు ఈ మాట చెప్పరు.

బిడ్డ దేశంలోనే పెరిగేటట్టయితే ఆ పత్రంతో పని జరిగిపోతుంది. దేశం దాటే బిడ్డ విషయంలో మాత్రం 2015 నాటి బాలల న్యాయ చట్టం అడ్డంగా నిలబడుతుంది. విదేశానికి దత్తత వెళ్లాలంటే ఈ చట్టం చెప్పిన తీరునే వెళ్లాలి. చెల్లుబాటయ్యే ఉత్తర్వు లేకుండా బిడ్డను విదేశానికి పంపినా, తీసుకెళ్లినా, ఆ ఏర్పాటులో చెయ్యి కలిపినా నేరమే. మూడేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సొంత అక్కచెల్లెళ్ల మధ్య ఇంత కఠినమా అని మనసు చివుక్కుమంటుంది. ఈ కఠినం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తే ఆ బాధ తగ్గుతుంది.

1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. దత్తత పేరుతో మన పిల్లల్ని విదేశాలకు పంపుతున్న సంస్థల అక్రమాలను అందులో ఏకరువు పెట్టారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన తీర్పు ఈ దేశంలో విదేశీ దత్తతకు పునాది. అప్పటిదాకా విదేశీయులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టులో గార్డియన్లుగా అనుమతి పొంది, బిడ్డను తీసుకెళ్లి, అక్కడ దత్తత చేసుకునేవారు. మధ్యలో ఆ బిడ్డ ఏమైందని అడిగే నాథుడు లేడు. బిడ్డకు ముందు మన దేశంలోనే తల్లిదండ్రులను వెతకాలనీ, తీసుకునేవారి ఇంటి పరిస్థితి మీద నివేదిక ఉండాలనీ, కన్నవారికి మనసు మార్చుకునే గడువివ్వాలనీ ఆ తీర్పు చెప్పింది. దాని దరిమిలా 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ ఏర్పడింది. దత్తత కోసం తిరిగేవారంతా 'కారా' అని పిలిచేది దీన్నే.

తీర్పు వచ్చింది కదా అని అన్నీ సర్దుకోలేదు. ఆ తర్వాత తగిలిన గాయం అప్పటి మన ఉమ్మడి రాష్ట్రానిదే. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాదు కేంద్రంగా పసిబిడ్డల వ్యాపారం బయటపడింది. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల లంబాడా తండాల్లో వరసగా మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుట్టిన ఇళ్లకు మధ్యవర్తులు వెళ్లేవారు. కొద్దిపాటి డబ్బిచ్చి బిడ్డను తీసుకునేవారు. అప్పగింత పత్రం మీద తల్లి వేలిముద్ర పడేది. కాగితం మీద అది 'స్వచ్ఛందం'. ఆ బిడ్డ కోసం అవతలి దేశంలో ఒక జంట గది అలంకరించుకుని ఎదురుచూసేది. వాళ్లలో చాలామంది నిజాయతీపరులే. తాము కట్టిన ఫీజులో ఒక ముక్క ఒక తండాలో తల్లి చేతిలో పడిందని వాళ్లకు తెలియదు. ఆ తల్లులు బిడ్డల్ని ఎందుకు వదులుకుంటున్నారన్న దానిమీద గీతా రామస్వామి, భంగ్యా భూక్యా తండాల్లో చేసిన అధ్యయనం పుస్తకంగా వచ్చింది. పేదరికం పేరు చెప్పి బిడ్డను అప్పగించే పద్ధతిని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది.

అంతకుముందే, 1993లో హేగ్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కూడా ఇలాంటి అనుభవాల నుంచే పుట్టింది. మన దేశంలో అది 2003 అక్టోబరు 1 నుంచి, అమెరికాలో 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని సారం ఇంతే: బిడ్డను పంపే దేశమూ, తీసుకునే దేశమూ ముందే మాట్లాడుకోవాలి, తర్వాతే దత్తత జరగాలి. మన అక్కాబావల తప్పు ఇక్కడే ఉంది. వాళ్లు దత్తత ముందు చేసి, దేశాలను తర్వాత అడిగారు.

ఇక వరస ప్రకారం నడిచే దారి. డాలస్‌లో ఉన్న అక్కాబావలు మొదట ఆలోచించాల్సింది తమ హోదా గురించి. అమెరికాలో హేగ్ పద్ధతి దరఖాస్తు పెట్టాలంటే దంపతుల్లో ఒకరైనా ఆ దేశ పౌరులై ఉండాలి. హెచ్‌1బీ మీదున్నవారికీ, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ ఈ తలుపు తెరుచుకోదు. అక్కడి ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం దత్తబిడ్డను తమ బిడ్డగా చూపాలంటే వాళ్లు రెండేళ్లు చట్టబద్ధ సంరక్షణలో పెట్టుకుని, కలిసి నివసించి ఉండాలి. అంటే భార్యాభర్తల్లో ఒకరు ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చి బిడ్డతో ఉండాల్సి రావచ్చు. చాలా కుటుంబాలు ఈ ఒక్క సంగతి తెలియక పిల్లను రెండు ఇళ్ల మధ్య ఏళ్ల తరబడి వేలాడదీస్తున్నాయి. కువైట్, సౌదీ అసలు హేగ్ ఒప్పందంలోనే లేవు. అక్కడ పనిచేసే మనవాళ్లు ముందుగా అడగాల్సింది అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని.

మన ఉదాహరణలోని జంట పౌరులే అనుకుందాం. గుర్తింపు పొందిన సంస్థ సామాజిక కార్యకర్త వాళ్లింటికి వస్తుంది. సంపాదన, ఆరోగ్యం, పోలీసు రికార్డు, ఇద్దరి మధ్య సఖ్యత అన్నీ చూస్తుంది. మందుల సీసాలు ఎక్కడ పెడతారు, ఇద్దరూ ఉద్యోగానికి వెళ్తే బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, కోపం వస్తే ఏం చేస్తారు అని అడుగుతుంది. మనవాళ్లకు ఇది పరువు తక్కువగా తోస్తుంది. ఇంటికొచ్చి ఆరా తీయడమేమిటని బావగారు ముఖం ముడుచుకుంటారు. అయ్యా, కన్న కూతురికి సంబంధం చూసేటప్పుడు మనం ఇంతకంటే ఎక్కువే ఆరా తీస్తాం. నోరు లేని బిడ్డ తరఫున ఆ పని ఎవరో ఒకరు చేయాలి కదా. ఆ నివేదికతో అమెరికా ప్రభుత్వం దగ్గర అర్హత అనుమతి పొంది, కారా పోర్టల్‌లో నమోదు కావాలి.

సొంత బంధువుల బిడ్డను తీసుకునేవారికి చట్టంలో వేరే దారి ఉంది. ఇక్కడ 'బంధువు' అనే మాటకు గీత గీసి ఉంది. బిడ్డకు బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాతలు, అమ్మమ్మ, నాన్నమ్మ. అంతవరకే. మన వాడుకలో నాన్నకు పెదనాన్న కొడుకు కూడా బాబాయే, అమ్మకు వేలు విడిచిన అన్న కూడా మేనమామే. చట్టం దగ్గర ఆ వరసలు నిలుస్తాయనుకోకూడదు. మన ఉదాహరణలో అక్క ఆ బిడ్డకు సొంత పెద్దమ్మ కాబట్టి చిక్కు లేదు. కన్నవారిద్దరూ లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. బిడ్డకు ఐదేళ్లు దాటితే బిడ్డనూ అడుగుతారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వారు కన్నవారింటికి వచ్చి కుటుంబ నేపథ్య నివేదిక రాస్తారు. డబ్బు ఏమైనా మారిందా, అత్తింటివాళ్ల ఒత్తిడి ఉందా, తల్లి నిజంగా ఇష్టపడుతోందా అన్నది ఆ వచ్చినవాళ్లు కనిపెట్టాలి. ఆ నివేదిక కారా ద్వారా అవతలి దేశానికి చేరుతుంది. బిడ్డను రానిస్తామని ఆ దేశం రాతపూర్వకంగా చెప్పాక, కారా ముందస్తు ఆమోదం ఇచ్చాక మాత్రమే దత్తత ఉత్తర్వు కోసం దరఖాస్తు పెట్టాలి.

ఆ ఉత్తర్వు ఇచ్చేది ఇప్పుడు కలెక్టరు. 2022 సెప్టెంబరు 1కి ముందు ఈ అధికారం కోర్టులకు ఉండేది. నర్సీపట్నం 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఇక్కడి కన్నవారి బిడ్డ ఫైలు వెళ్లేది అనకాపల్లి కలెక్టరేటుకు. రెండు నెలల్లో తేల్చాలని గడువుంది. ఉత్తర్వు చేతికొచ్చాక కారా నిరభ్యంతర పత్రం, హేగ్ ఒప్పందం ప్రకారమే జరిగిందన్న ధ్రువపత్రం, కొత్త తల్లిదండ్రుల పేర్లతో జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, చివరికి ఢిల్లీలో అమెరికా వీసా. ఆ దేశం లెక్కలో బిడ్డకు పదహారేళ్లు నిండకముందే దరఖాస్తు పడాలి. పద్నాలుగు దాటిన పిల్లల విషయంలో ఒక్క నెల ఆలస్యమూ మంచిది కాదు.

ముందే హిందూ చట్టం కింద దత్తత చేసేసుకున్నవారి గతేమిటి? 2021 నుంచి వాళ్లకూ ఒక దారి తెరిచారు. రిజిస్టరైన దత్తపత్రాన్ని, దత్తత జరిగిన తీరును జిల్లా యంత్రాంగం విచారించి నివేదిక ఇస్తే, కారా నిరభ్యంతర పత్రం ఇవ్వవచ్చు. కానీ అవతలి దేశం కూడా ఒప్పుకోవాలి. ముందు తమ అనుమతి లేకుండా దత్తత చేసుకోవద్దని అమెరికా స్పష్టంగానే చెబుతోంది. అందుకే పత్రం రాయించే ముందు ఆగమని ఇంతగా చెప్పడం.

బంధువుల్లో బిడ్డ లేనివారు శిశుగృహల్లోని పిల్లల కోసం దరఖాస్తు పెట్టుకుంటారు. అక్కడికి బిడ్డ ఎలా చేరుతుందో మన ఊరివాళ్లకు తెలియడం అవసరం. దొరికిన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. కన్నవారి కోసం వెతకాలి. రెండేళ్లలోపు బిడ్డ అయితే రెండు నెలల్లో, పెద్దదైతే నాలుగు నెలల్లో దత్తతకు అర్హత ఉందో లేదో సమితి తేల్చాలి. తల్లిదండ్రులే వచ్చి అప్పగిస్తే, మనసు మార్చుకునేందుకు వాళ్లకు రెండు నెలల గడువుంటుంది. ఈ రెండు నెలలూ చాలా విలువైనవి. ప్రసవమైన నాలుగో రోజున తీసుకున్న నిర్ణయం నలభయ్యో రోజున అలాగే ఉండాలనేం లేదు.

దత్తతకు సిద్ధమైన బిడ్డ కోసం దేశంలో ఉన్న జంటలూ, ప్రవాస భారతీయులూ ఒకే వరసలో నిలబడతారు. వీళ్లలో ఎవరూ తీసుకోకపోతే, 60 రోజుల తర్వాత విదేశీయులకు అవకాశం వస్తుంది. ఐదేళ్లు దాటినవారు, వైకల్యమున్నవారు, విడదీయలేని అక్కాతమ్ముళ్లు అయితే ఇంకా త్వరగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం మన జంటలు ఏళ్ల తరబడి ఎదురుచూస్తుండగా, గుండెకు ఆపరేషన్ కావలసిన పిల్లనూ, వినికిడి లేని పిల్లవాణ్నీ అమెరికా, ఇటలీ, స్పెయిన్, మాల్టా నుంచి వచ్చినవాళ్లు ఎత్తుకుని వెళ్తున్నారు. ఈ మాట రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. 2018-19లో దేశంలో 4,027 దత్తతలు జరిగితే 653 మంది పిల్లలు విదేశాలకు వెళ్లారు. 2024-25లో మొత్తం 4,515 అయితే అందులో 4,155 దేశంలోనే జరిగాయి. దేశంలో ఇళ్లు దొరకడం పెరిగింది, సంతోషం. ఆ మిగిలిన పిల్లలు ఎవరో కూడా మనం గమనించాలి.

బిడ్డ వివరాలు వచ్చాక విదేశంలోని జంటకు 96 గంటల్లో ఒప్పుకోలు తెలిపి, 30 రోజుల్లో సంతకం పెట్టే గడువుంటుంది. వచ్చేవి రెండు పత్రాలు. ఒకటి బిడ్డ గురించిన నివేదిక, రెండోది వైద్య పరీక్షల నివేదిక. చాలామంది ఫొటో దగ్గరే ఆగిపోతారు. ఆగొద్దు. బరువు, ఎత్తు, తల చుట్టుకొలత నెలనెలా ఎలా పెరిగాయో చూడాలి. ఒక నెల బరువు తగ్గి ఉంటే ఎందుకు తగ్గిందో అడగాలి. ఏ టీకాలు పడ్డాయి, ఎప్పుడు కూర్చుంది, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా? పిల్లల డాక్టరుకు చూపించి ప్రతి గీతకూ అర్థం చెప్పించుకోవాలి. రెండో నివేదికకంటే మొదటిది నాకు ముఖ్యంగా తోస్తుంది. ఏం తింటుంది, ఎలా నిద్రపోతుంది, ఏ ఆయమ్మ ఎత్తుకుంటే ఏడుపు మానుతుంది అన్న సంగతులు అందులో ఉంటాయి. అవి బిడ్డ ఇంటి నుంచి వచ్చిన చద్దిమూట.

కాగితాలు తిరుగుతున్న నెలల్లో దంపతులు చేయాల్సిన అసలు పని ఇక్కడే ఉంది. ఒక చిన్న ఆల్బం కట్టండి. గట్టి అట్టతో, నోట్లో పెట్టుకున్నా చిరగనిది. మొదటి పేజీలో అమ్మ ముఖం, రెండో పేజీలో నాన్న ముఖం, నల్ల కళ్లద్దాలు లేకుండా. తర్వాత ఇంటి గుమ్మం, పడుకునే మంచం, వీధి. ప్రతి బొమ్మ కింద తెలుగులో ఒక్కో మాట, ఆయమ్మ చదివి వినిపించేందుకు. సంస్థ అనుమతిస్తే ముందుగానే పంపండి. మీరు వచ్చేసరికి ఆ బిడ్డకు మీరు బొత్తిగా కొత్తవాళ్లు కాకుండా పోతారు.

బిడ్డకు నాలుగైదేళ్లు ఉండి, వచ్చేవాళ్లు తెలుగు రానివారైతే గుప్పెడు మాటలు నేర్చుకునే రావాలి. ఆకలి, నీళ్లు, నొప్పి, చలి, భయం, అమ్మ వస్తుంది, ఒంటికి, రెంటికి. ఈ చివరి రెండు మాటలు తెలియక విమానంలో ఒక పసిదానికి కలిగే అవమానం పెద్దవాళ్లు ఊహించలేరు. తెలుగు జంటకైనా ఈ సిద్ధపాటు తప్పదు. దేశం మొత్తానికీ ఒకే వరస కాబట్టి వాళ్లకు ఒడియా మాట్లాడే పిల్ల రావచ్చు, మరాఠీ పిల్లవాడు రావచ్చు.

మొదటి వారాల్లో బిడ్డ ఏడిస్తే అది మంచి గుర్తే. ఏడవడానికి ఒక మనిషి ఉన్నారని నమ్మిన బిడ్డే ఏడుస్తుంది. అన్నం దాచుకుంటుంది, దిండు కింద రొట్టెముక్క కనబడుతుంది. తిట్టొద్దు. రోజూ అదే వేళకు కంచం ముందుకొస్తుందని నమ్మకం కుదిరితే ఆ అలవాటు దానంతటదే పోతుంది. ఇల్లు చేరగానే చుట్టాలందరినీ పిలిచి బారసాల చేయొద్దు. కొన్నాళ్లు ఎత్తుకునే చేతులు రెండు జతలే ఉండనివ్వండి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి సంస్థవారు ఇంటికి వచ్చి కారాకు నివేదిక పంపుతారు. ఈ ఇబ్బందులన్నీ వాళ్లకు చెప్పుకోవడానికే ఆ రాకపోకలు. పౌరసత్వ పత్రాన్ని మాత్రం వాయిదా వేయొద్దు. అమెరికాలో 2001 ఫిబ్రవరి 27 నాటికి పద్దెనిమిది నిండిన దత్తసంతానానికి, ఆ రోజున అమల్లోకి వచ్చిన పౌరసత్వ చట్టం అందలేదు. ఆ దేశంలోనే పెరిగి పెద్దయి, తాము పౌరులం కామని నడివయసులో తెలుసుకున్నవాళ్లున్నారు.

పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు అడిగే హక్కు మన నిబంధనలు దత్తసంతానానికి ఇచ్చాయి. ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు, ఏ సమితి ముందు పెట్టారు అని అడిగితే జవాబు ఫైలులో ఉండాలి. కన్నతల్లి తన పేరు చెప్పవద్దంటే ఆమె మాటకూ విలువ ఉంటుంది. చాటుగా చేతులు మారిన బిడ్డకు ఆ ఫైలే ఉండదు. పాతికేళ్ల అమ్మాయి డాలస్ నుంచి నర్సీపట్నం బస్టాండులో దిగి ఎవరిని అడగాలి?

అందుకే ఈ ఊరి పాఠకులకు ఒక్క మనవి. ఏ ఆసుపత్రి వరండాలోనైనా, ఏ ఇంటి అరుగు మీదైనా ఎవరో వచ్చి "మంచి జంట ఉన్నారు, అమెరికావాళ్లు, బిడ్డనిస్తారా, ఖర్చులన్నీ వాళ్లవే" అంటే, అవతలి జంట ఎంత మంచివాళ్లైనా సరే, బిడ్డను చేతికివ్వకండి. బాలల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు.